పాత చైన్ సా రిపేరు, పార్టుల వేట: వరంగల్ చుట్టుపక్కల వాళ్లకు సమగ్ర మార్గదర్శి

ములుగు, నర్సంపేట, మహబూబాబాద్ వైపు జామాయిల్ తోటలు కొట్టించే కాంట్రాక్టర్ల దగ్గర, పాత సామిల్లుల వెనక షెడ్లలో, మూలన పడ్డ చైన్ సాలు (పెట్రోల్‌తో నడిచే గొలుసు రంపాలు) ఇప్పటికీ కనిపిస్తాయి. రంగు వెలిసిన స్టిల్ 070, హస్క్‌వర్నా 61 లేదా 268, స్టిక్కర్ ఊడిపోయి ఏ కంపెనీదో తెలియని మరొకటి. "దీనికి పార్టులు దొరకవన్నా, కొత్తది తీసుకో" అని షాపులో ఒక్క మాట అనగానే అవి పాత ఇనుము దుకాణానికి పోతాయి. తూకానికి పోయే ఈ మిషన్లలో చాలావాటికి చెడిపోయింది ఒక రబ్బరు పొరో, ఒక ఆయిల్ సీలో, గట్టిపడ్డ పెట్రోల్ పైపో మాత్రమే.

పాత చైన్ సాకు కావాల్సిన వాటిలో ఎక్కువ భాగం, కంపెనీ పేరు చెప్పి కాకుండా కొలత చెప్పి అడిగితే మన ఊళ్లోనే దొరుకుతాయి. బేరింగుకు నంబరు ఉంటుంది. సీల్‌కు మూడు కొలతలు ఉంటాయి. పైపుకు లోపలి వ్యాసం, బయటి వ్యాసం ఉంటాయి. కాబట్టి రిపేరు మొదలుపెట్టే ముందు ఒక వర్నియర్ కాలిపర్, ఒక ఫీలర్ గేజ్ (సన్న ఖాళీలు కొలిచే రేకుల కట్ట), ఒక నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. స్పానర్ల కంటే ముందు కావాల్సినవి ఇవే.

మొదటి మెట్టు: మిషన్ ఏదో తేల్చుకోండి

పైన ఉన్న పేరును నమ్మొద్దు. పాత మిషన్లకు ఒకదాని కవరు ఇంకొకదానికి బిగించి ఉంటారు. లోపలి భాగాల మీద పోతలోనే వచ్చిన నంబర్లు చూడండి. స్టిల్ పార్టు నంబరులో మొదటి నాలుగు అంకెలు మోడల్ కుటుంబాన్ని చెబుతాయి: 1106 అంటే 070, 090 కుటుంబం, 1119 అంటే 038, 1122 అంటే 066. ఆ తర్వాతి మూడు అంకెలు అది ఏ గుంపు భాగమో చెబుతాయి: 020 సిలిండర్, 120 కార్బురేటర్, 400 ఇగ్నిషన్. నంబరు 9తో మొదలైతే అది మీకు మంచి వార్త. 9503 అంటే బేరింగు, 9640 అంటే ఆయిల్ సీల్. ఇవి ప్రామాణిక సైజుల్లో వచ్చేవి, కొలిచి బయట కొనుక్కోవచ్చు. హస్క్‌వర్నాలో తొమ్మిది అంకెల నంబర్లు ఉంటాయి. పాతవి ఎక్కువగా 501, 503తో మొదలవుతాయి.

నంబరు చెరిగిపోతే బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం కొలవండి. స్టిల్ 070కి బోరు 58 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 40 మి.మీ., అంటే సుమారు 106 సీసీ. 090కి స్ట్రోకు అదే, బోరు మాత్రం 66. హస్క్‌వర్నా 61కి 48, 268కి 50, 272కి 52. ఈ మూడు హస్క్‌వర్నాలదీ ఒకే కుటుంబం, క్రాంక్‌కేసు దాదాపు ఒకటే. అందుకే 61 సిలిండర్ పాడైతే 272 సిలిండర్, పిస్టన్ సెట్టు ఎక్కించుకోవడం మెకానిక్‌లలో మామూలే. ఇలాంటి చుట్టరికాలు తెలిస్తే వెతికే పరిధి ఒక్కసారిగా పెరుగుతుంది.

రెండో మెట్టు: ఏదీ కొనకముందు నాలుగు పరీక్షలు

తాడు లాగితే కదలకపోతే బలవంతంగా లాగకండి. ప్లగ్గు తీసి సిలిండర్‌లో కొంచెం టూటీ ఆయిల్ (రెండు స్ట్రోకుల ఇంజన్‌కు పెట్రోల్‌లో కలిపే ఆయిల్) పోసి ఒక రాత్రి వదిలేయండి.

తాడు తిరుగుతోందంటే, మిషన్‌ను తాడు పిడి పట్టుకుని గాలిలో వేలాడదీయండి. మంచి కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) ఉన్న మిషన్ ఆగి ఆగి, ఒక్కో కంప్రెషన్ దగ్గర నిలబడుతూ కిందికి దిగుతుంది. సర్రున జారిపోతే రింగులో, సిలిండరో పోయినట్టే. గేజ్‌తో చూస్తానంటే మంచిదే, కాకపోతే ఒక మాట. కార్ల గేజ్‌లలో గాలిని ఆపే వాల్వు గేజ్ దగ్గర ఉంటుంది. పైపులో ఉన్న ఖాళీ వల్ల చిన్న ఇంజన్‌కు రీడింగు తక్కువ చూపిస్తుంది. వాల్వు ప్లగ్గు రంధ్రంలోకి వెళ్లే కొసనే ఉన్న గేజ్ కావాలి. యాక్సిలేటర్ పూర్తిగా నొక్కి, ముల్లు ఇక పైకి పోని దాకా లాగండి. 150 పీఎస్ఐ వస్తే చాలా బాగున్నట్టు, 120 వచ్చినా పాత మిషన్ పనిచేస్తుంది. 100 కిందికి పోతే పైభాగం విప్పక తప్పదు.

రెండోది, సైలెన్సర్ విప్పి టార్చిలైటుతో పిస్టన్‌ను చూడడం. రెండు బోల్టుల పని ఇది. మిషన్ కథ మొత్తం ఇక్కడే తెలిసిపోతుంది. ఎగ్జాస్ట్ వైపు నిలువు గీతలు ఉంటే ఆయిల్ కలపని పెట్రోల్ పోశారు, లేదా గాలి లీకై మిశ్రమం పలచబడింది. ఇంటేక్ వైపు అరిగి మాసిపోయినట్టుంటే ఎయిర్ ఫిల్టర్ లేకుండా దుమ్ములో నడిపారు. నున్నగా, తయారీ గీతలు అడ్డంగా ఇంకా కనిపిస్తుంటే ఆ మిషన్‌ను వదులుకోకండి.

మూడోది నిప్పు. ప్లగ్గు తీసి, దాని ఒంటిని సిలిండర్‌కు ఆనించి తాడు లాగండి. రాకపోతే స్విచ్చు తీగ పీకి మళ్లీ చూడండి. నాలుగోది, ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కల మిక్స్ పెట్రోల్ (టూటీ ఆయిల్ కలిపినది) వేసి స్టార్టు చేయడం. రెండు సెకన్లు మోగి ఆగితే నిప్పు, కంప్రెషన్ రెండూ ఉన్నట్టు. తప్పు పెట్రోల్ దారిలో ఉంది.

మూడో మెట్టు: పెట్రోల్ దారి, ఈ20 సంగతి

2023 ఫిబ్రవరిలో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోల్ (ఈ20) 2025 నాటికి దేశమంతటా బంకుల్లోకి వచ్చేసింది. పాత చైన్ సాలు తయారైన కాలంలో దీని ఊసే లేదు. వాటి పైపులు, కార్బురేటర్ పొరలు, ట్యాంకు గ్రోమెట్లు (పైపు దూరే చోట ఉండే రబ్బరు వలయాలు) ఇథనాల్‌లో ఉబ్బుతాయి, తర్వాత ఆరిపోయి గట్టిపడతాయి. ఇంకో బాధ, ఇథనాల్ గాలిలో తేమను లాగుతుంది. వానాకాలంలో సగం నిండిన ట్యాంకు నెల రోజులు పడి ఉంటే, నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగుకు దిగి కార్బురేటర్‌లో తెల్లటి పొడిలా తుప్పు పట్టిస్తాయి.

మీ బంకు పెట్రోల్‌లో ఎంత ఉందో ఇంట్లోనే చూడొచ్చు. సన్నటి, గీతలున్న గాజు గొట్టంలో 20 మి.లీ. నీళ్లు, దాని మీద 100 మి.లీ. పెట్రోల్ పోసి, మూత పెట్టి ఊపి, పది నిమిషాలు నిలకడగా ఉంచండి. అడుగున ఉన్న నీటి మట్టం ఎంత పెరిగితే సుమారుగా అంత ఇథనాల్. పొయ్యికి దూరంగా, ఆరుబయట చేయండి. పరీక్ష చేసిన పెట్రోల్‌ను మళ్లీ వాడకండి.

ఇక పని. ట్యాంకులోని పైపును చిన్న కొక్కెంతో బయటికి లాగి వంచి చూడండి. పగుళ్లు కనిపించినా, పిండిలా చేతికి అంటినా మార్చండి. బండి షాపుల్లో దొరికే తెల్లటి ప్లాస్టిక్ పైపు వద్దు, త్వరగా గట్టిపడుతుంది. ఈ20ని తట్టుకునే రబ్బరు పైపు అడిగి తెచ్చుకోండి. లోపలి ఫిల్టర్ ఎప్పుడైనా కొత్తదే వేయండి. ట్యాంకుకు గాలి పీల్చే రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి. మిషన్ అయిదు నిమిషాలు నడిచి ఆగిపోయి, మూత వదులు చేయగానే మళ్లీ స్టార్టు అయితే కారణం ఇదే. ఆ పరీక్ష మిషన్ చల్లబడ్డాకే చేయండి. వేడి మీద మూత తీస్తే పెట్రోల్ చిమ్ముతుంది.

కార్బురేటర్ విప్పేటప్పుడు ప్రతి పొరనూ తీసే ముందు ఫోటో తీసుకోండి. గాస్కెట్ ముందా, డయాఫ్రమ్ (కదిలే రబ్బరు పొర) ముందా అన్నది రెండు వైపులా ఒకేలా ఉండదు, తారుమారైతే మిషన్ చస్తే నడవదు. పాత మిషన్లలో ఎక్కువగా టిల్లట్సన్ హెచ్‌ఎల్, హెచ్‌ఎస్ రకాలు, లేదా వాల్‌బ్రో కార్బురేటర్లు ఉంటాయి. పేరు, అక్షరాలు ఒంటి మీదే కొట్టి ఉంటాయి. రిపేరు కిట్టు ఆ అక్షరాలతోనే కొనాలి, చైన్ సా మోడల్‌తో కాదు. డయాఫ్రమ్‌ను చెవి దగ్గర పెట్టి వేలితో నొక్కండి. మంచిది చప్పుడు చేయదు. టక్కుమని కాగితంలా మోగితే దాని పని అయిపోయింది. నీడిల్‌ను ఎత్తే చిన్న లివర్, చాలా రకాల్లో గది అడుగుతో సమానంగా ఉండాలి. స్టీలు స్కేలు అంచు ఆనించి చూడండి. జాలీని, సన్న రంధ్రాలను కార్బురేటర్ స్ప్రేతో కడగండి, తీగ దూర్చి గీకకండి.

నాలుగో మెట్టు: నిప్పు

పాత మిషన్లలో మాగ్నెట్ చక్రం కింద పాయింట్లు (కరెంటును కలిపి తెంచే రెండు కొసలు), కండెన్సర్ ఉంటాయి. చాలాసార్లు పాయింట్ల మీద పేరుకున్న పొర వల్లే నిప్పు రాదు. పెట్రోల్‌లో ముంచిన విజిటింగ్ కార్డును వాటి మధ్య పెట్టి నాలుగు సార్లు లాగండి. గుంట పడితే సన్న ఆకురాయితో సమం చేయండి. గ్యాప్ చాలా మిషన్లకు 0.35 నుంచి 0.4 మి.మీ., ప్లగ్గు గ్యాప్ 0.5 మి.మీ.

కండెన్సర్ పోతే అదే ఆకారంలో దొరకాల్సిన పని లేదు. పాత పాయింట్ల కాలం నాటి స్కూటర్, బైకు కండెన్సర్లు సుమారు 0.2 మైక్రోఫారడ్ దగ్గర ఉంటాయి, చాలా చైన్ సాలకు అవి సరిపోతాయి. మల్టీమీటర్‌తో పాతదీ కొత్తదీ కొలిచి పోల్చండి. లోపల పట్టకపోతే తీగ లాగి బయట బిగించొచ్చు. పాయింట్లు పూర్తిగా అరిగిపోయి, వేరేవి దొరక్కపోతే వాటి బదులు పెట్టే చిన్న ఎలక్ట్రానిక్ మాడ్యూల్స్ ఆన్‌లైన్‌లో వస్తున్నాయి. కాయిల్ మాత్రం బాగుండాలి.

మాగ్నెట్ చక్రం తీసేటప్పుడు క్రాంకు కొస మీద సుత్తి వేయకండి. ఆ ఒక్క దెబ్బతో క్రాంకు ఒంగిపోతుంది. లేత్ షాపులో చెబితే చిన్న పుల్లర్ చేసిస్తారు. చక్రం కదలకుండా పట్టుకోవడానికి ప్లగ్గు రంధ్రంలో నైలాన్ తాడు కూరాలి. పిస్టన్ ఎగ్జాస్ట్ పోర్టును దాటి పైకి వచ్చాకే కూరండి, లేదంటే తాడు పోర్టులో ఇరుక్కుంటుంది. క్లచ్ విప్పేటప్పుడు గుర్తుంచుకోండి, ఎక్కువ మిషన్లలో దానికి ఎదురు మర. మామూలుగా బిగించే వైపు తిప్పితేనే వదులవుతుంది. చక్రం కింద ఉండే చిన్న తాళం ముక్క కోసుకుపోయి ఉంటే టైమింగు జరిగి, స్టార్టు చేసినప్పుడు తాడు చేతిని వెనక్కి లాగుతుంది. తిరిగి బిగించాక కాయిల్‌కూ చక్రానికీ మధ్య ఒక విజిటింగ్ కార్డు మందం ఖాళీ ఉంచండి, సుమారు 0.25 మి.మీ.

అయిదో మెట్టు: గాలి లీకు, బీపీ మిషన్‌తో పరీక్ష

అందరూ వదిలేసే మెట్టు ఇదే. కొత్త పిస్టన్ వేసిన మిషన్ వారానికే మళ్లీ పట్టేసిందంటే, ఎక్కువసార్లు కారణం అరిగిన క్రాంకు సీల్స్. రెండు స్ట్రోకుల ఇంజన్‌లో పెట్రోల్, ఆయిల్, గాలి కలిసి క్రాంక్‌కేసు గుండానే పోతాయి. సీల్ గాలి పీలిస్తే పెట్రోల్ తగ్గుతుంది, దాంతోపాటే ఆయిల్ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. పిస్టన్ మార్చే ఖర్చు పెట్టేముందు ఈ పరీక్ష చేసి తీరాలి.

మెడికల్ షాపులో దొరికే, చేత్తో గాలి కొట్టే డయల్ బీపీ మిషన్ చాలు. దాని డయల్ 300 దాకా ఉంటుంది. అది పాదరసం మిల్లీమీటర్ల లెక్క, అంటే సుమారు 0.4 బార్. ఈ పరీక్షకు అంత ఒత్తిడి సరిపోతుంది. సైలెన్సర్ విప్పి, కారు ట్యూబు ముక్కను పోర్టు మీద పెట్టి మళ్లీ సైలెన్సర్ బిగించండి. కార్బురేటర్ స్థానంలో 5 మి.మీ. అల్యూమినియం పట్టీ ఒకటి కోసి, రెండు బోల్టు రంధ్రాలు వేసి, మధ్యలో చిన్న గొట్టం బిగించి, కింద రబ్బరు పెట్టి కూర్చోబెట్టండి. పంపుకు గాలి పల్స్ వచ్చే పైపు విడిగా ఉన్న మిషన్ అయితే ఆ కొసను కూడా మూసేయాలి. ప్లగ్గు బిగించే ఉంచాలి.

బీపీ మిషన్ పైపును ఆ గొట్టానికి తగిలించి 250 దాకా కొట్టి, వాల్వు మూసి ముల్లును చూడండి. నిమిషం పాటు దాదాపు నిలబడితే బాగున్నట్టు. దిగిపోతుంటే సబ్బు నీళ్లు బ్రష్షుతో క్రాంకు రెండు కొసల దగ్గర, సిలిండర్ కింది గాస్కెట్ చుట్టూ, ప్లగ్గు దగ్గర రాయండి. బుడగలు వచ్చిన చోటే మీ జబ్బు. తాడు చక్రాన్ని మెల్లగా తిప్పుతూ కూడా చూడాలి, కొన్ని సీల్స్ ఒక కోణంలోనే కారుతాయి. ఇంకో విషయం, సీల్ లోపలి నుంచి ఒత్తిడిని ఆపి, బయటి నుంచి గాలిని లోపలికి వదలొచ్చు. కాబట్టి బ్రేకులు బ్లీడ్ చేసే చేతి వాక్యూమ్ పంపు దొరికితే అదే గొట్టానికి తగిలించి ఎదురు పరీక్ష కూడా చేయండి. ఈ రెండూ నెగ్గిన మిషన్ మీద నిశ్చింతగా డబ్బు పెట్టొచ్చు.

ఆరో మెట్టు: పిస్టన్, సిలిండర్, బేరింగులు

సిలిండర్ లోపల ఇనుప లైనరా, క్రోమ్ లేదా నికాసిల్ (నికెల్ కలిసిన గట్టి పూత) పూతా అన్నది ముందు తేల్చండి. అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే ఇనుము. ఇనుప లైనర్‌ను బోరింగ్ షాపులో బోరు చేయించొచ్చు. పూత ఉన్నదాన్ని బోరు చేయకూడదు, చేస్తే సిలిండర్ పనికిరాకుండా పోతుంది.

పూత సిలిండర్‌లో గీతలు కనిపించినంత మాత్రాన నిరాశ పడకండి. చాలాసార్లు అవి పిస్టన్ అల్యూమినియం కరిగి అంటుకున్న చారలు. కింద పూత చెక్కుచెదరకుండా ఉంటుంది. బాత్‌రూం కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను చెవి పుల్ల దూదితో ఆ చార మీద మాత్రమే రాయండి. నురగ వస్తుంది. తుడిచి మళ్లీ రాయండి. నురగ ఆగితే అల్యూమినియం పోయినట్టు. పోర్టు అంచుల దగ్గర ఉన్న వట్టి అల్యూమినియాన్ని కూడా యాసిడ్ తినేస్తుంది కాబట్టి అక్కడికి పోనివ్వకండి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు, ఆరుబయట పని. చివర వంటసోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, వెంటనే ఆయిల్ రాయండి. గోటితో గీస్తే ఇంకా తగులుతుంటే, లేదా పూత పెచ్చులూడి ఉంటే ఆ సిలిండర్ అయిపోయింది.

రింగును పిస్టన్‌తో నెట్టి సిలిండర్‌లో తిన్నగా కూర్చోబెట్టి, కొసల మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో చూడండి. కొత్తదానికి 0.1 నుంచి 0.3 మి.మీ. ఉంటే మంచిది. 0.5 దాటితే మార్చాలి. ఇక్కడ చాలామంది అడిగేది: యమహా ఆర్‌ఎక్స్100 బోరు కూడా 50 మి.మీ. కదా, ఆ రింగు 268కి పడుతుందా అని. వ్యాసం ఒక్కటే కలిస్తే చాలదు. రింగు మందం, పిస్టన్ గాడిలోని పిన్ను దగ్గర రింగు కొస కోత ఆకారం కూడా కలవాలి. కోత కలవకపోతే రింగు పోర్టులో తట్టుకుని విరుగుతుంది. క్రోమ్ పూత సిలిండర్‌లో క్రోమ్ రింగు వేయకూడదు, రెండూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి.

క్రాంకు బేరింగుల మీద నంబరు ఉంటుంది. 6202 అంటే 15–35–11, 6203 అంటే 17–40–12 మి.మీ. తెరిచి ఉన్న రకం, సీ3 (లోపల కాస్త ఎక్కువ ఖాళీ ఉన్నది) అని గుర్తున్నవి అడగండి. మూత ఉన్న బేరింగుల్లోకి మిక్స్ పెట్రోల్ ఆయిల్ వెళ్లదు. బిగించేటప్పుడు బేరింగును ఫ్రీజర్‌లో పెట్టి, కేసును హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేస్తే సుత్తి అవసరం లేకుండా జారుతుంది. గ్యాస్ మంట వద్దు. చాలా చైన్ సా కేసులు మెగ్నీషియంవి. దాని పొడి, రజను అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, ఇంకా రెచ్చిపోతుంది. అదే కారణంగా కేసును గ్రైండర్‌తో తోమొద్దు.

ఏడో మెట్టు: పార్టులు ఎక్కడ వెతకాలి

ముందు బేరింగు, ఆయిల్ సీల్స్ అమ్మే దుకాణానికి వెళ్లండి. వరంగల్, కరీంనగర్‌లలో ఉన్నాయి. బొగ్గు గనుల వల్ల గోదావరిఖని వైపు కూడా మంచి సరుకు ఉంటుంది. "చైన్ సా సీల్ ఉందా" అని అడిగితే లేదనే అంటారు. "అన్నా, 15–24–7 ఆయిల్ సీల్, వైటాన్‌లో ఉందా?" అని అడిగితే డబ్బా తీసి ముందు పెడతారు. వైటాన్ అంటే వేడిని, పెట్రోల్‌ను తట్టుకునే రబ్బరు. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, ఈ వరసలోనే చెప్పండి. పాత సీల్‌ను పీకేటప్పుడు ఒంగిపోతుంది కాబట్టి క్రాంకు మందాన్నీ, కేసు రంధ్రాన్నీ కొలిచి రాసుకోవడం నమ్మకమైన పద్ధతి.

తర్వాతి చోటు పవర్ స్ప్రేయర్లు రిపేరు చేసే షాపులు. పత్తి, మిర్చి పండే మన జిల్లాల్లో ఇవి మండల కేంద్రాల్లో కూడా ఉంటాయి. ఎనుమాముల మార్కెట్‌కు పంట తెచ్చే రైతుల్లో చాలామందికి స్ప్రేయరో, గడ్డి కోసే మిషనో ఉంటుంది, అవి కూడా రెండు స్ట్రోకుల ఇంజన్లే. స్టార్టర్ తాడు, ట్యాంకు ఫిల్టర్, ప్లగ్గు, పెట్రోల్ పైపు, ప్రైమర్ బల్బు, కొన్ని డయాఫ్రమ్ కిట్లు ఇక్కడే దొరుకుతాయి. ఈ షాపుల్లోని పెద్దవాళ్లకు చేతిలో మంచి పని ఉంటుంది. పార్టు కొని వచ్చేయకుండా వాళ్ల ముందు మిషన్ పెట్టి మాట్లాడండి.

లేత్ షాపు మూడోది. అరిగిన బుష్, పోయిన స్పేసర్, బార్ బిగించే స్టడ్, మర పోయిన రంధ్రానికి హెలికాయిల్ (కొత్త మర ఇచ్చే తీగ చుట్ట), ఇవన్నీ వాళ్ల రోజువారీ పని. గాస్కెట్లు మీరే కోసుకోవచ్చు. సిలిండర్ కింది గాస్కెట్ మాత్రం పాతదాని మందంలోనే ఉండాలి. పలచనిది వేస్తే పిస్టన్ పైకి తగలొచ్చు, మందమైనది వేస్తే కంప్రెషన్ పడిపోతుంది.

ఊళ్లో దొరకనిదానికి సికింద్రాబాద్ రాణిగంజ్. కాజీపేటలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావొచ్చు. చైన్లు, బార్లు, స్ప్రాకెట్లు, ఇండస్ట్రియల్ రబ్బరు అక్కడ దొరుకుతాయి. పాత పార్టు చేతిలో పట్టుకునే వెళ్లండి, ఫోటో చాలదు.

ఆన్‌లైన్ విషయానికొస్తే, 070కి, 272కి చైనా తయారీ సిలిండర్, పిస్టన్ సెట్లు విరివిగా వస్తున్నాయి. తీసుకోవచ్చు, కానీ వచ్చింది వచ్చినట్టు బిగించకండి. పోర్టు అంచులు వేలికి పదునుగా తగిలితే రింగు పట్టుకుంటుంది. సన్న ఎమెరీతో ఆ అంచును మొద్దు చేయండి. పిస్టన్ పిన్నును ఆపే రింగు క్లిప్పులు ఆ సెట్లలో నాసిగా ఉంటాయి, వాటి బదులు మంచి కంపెనీవి వేయండి. ఆ చిన్న క్లిప్పు ఊడితే కొత్త సిలిండర్ మొత్తం పోతుంది.

చివరిది ఇంకో పాత మిషన్. క్రాంకు, క్రాంక్‌కేసు, మాగ్నెట్ చక్రం, కాయిల్, ఈ నాలుగూ కొలత చెప్పి కొనేవి కావు. వీటిలో రెండు పోయిన మిషన్‌ను బాగు చేయడం కంటే దాన్ని విప్పి, భాగాలకు పేర్లు రాసి దాచుకోవడం మంచిదని నా అభిప్రాయం. అదే కుటుంబం మిషన్ పాత ఇనుము దుకాణంలో కనిపిస్తే చెడిపోయిందైనా తీసుకోండి.

ఎనిమిదో మెట్టు: చైన్, బార్, ఆయిల్

చైన్‌లో వరుసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి సగం చేస్తే పిచ్ వస్తుంది, దాన్ని అంగుళాల్లో చెబుతారు. మూడు రివెట్లకు సుమారు 19 మి.మీ. వస్తే 3/8, 16.5 వస్తే 0.325, 20.5 వస్తే 0.404. బార్ గాడి వెడల్పు 1.3, 1.5, 1.6 మి.మీ.లలో ఒకటి ఉంటుంది. స్ప్రాకెట్, బార్ ముక్కు, చైన్ మూడూ ఒకే పిచ్‌లో ఉండాలి. స్ప్రాకెట్ పళ్లలో లోతైన గాడి పడితే కొత్త చైన్ వేసినా వారంలో సాగిపోతుంది.

పదును పెట్టడానికి గుండ్రటి ఆకురాయి కొలత పిచ్‌ను బట్టి ఉంటుంది: 0.325కి 4.8 మి.మీ., 3/8కి 5.2 లేదా 5.5, 0.404కి 5.5. కోణం 30 డిగ్రీలు. మన దగ్గరి ఎండిన తుమ్మ, చింత కోసేవాళ్లు 25 డిగ్రీలు పెడితే పదును ఎక్కువసేపు నిలుస్తుంది. పన్ను ముందుండే మెట్టు, పన్ను కొస కంటే 0.65 మి.మీ. కిందికి ఉండాలి. ఈ పంటి ఆకారం అమెరికాలో జోసెఫ్ కాక్స్ అనే కలప కార్మికుడు చెట్టును తొలిచే పురుగు దవడలు చూసి తయారు చేశాడు. 1947లో అమ్మకానికి వచ్చిన ఆ రూపమే ఇవాళ్టి చైన్లకు మూలం.

ఆయిల్ పంపు పనిచేస్తోందో లేదో, చైన్ తిరుగుతుండగా బార్ కొసను తెల్ల కాగితానికి ఎదురుగా పెట్టి చూడండి. సన్నటి ఆయిల్ గీత పడాలి. బండ్లలోంచి తీసిన నల్ల ఆయిల్ పోయకండి, అందులోని లోహపు పొడి పంపును తినేస్తుంది.

తొమ్మిదో మెట్టు: స్టార్టు, ట్యూనింగు

పాత మిషన్‌కు నేను చెప్పే కలపడం లీటరుకు 25 మి.లీ. మంచి టూటీ ఆయిల్, అంటే 1:40. నాసి ఆయిల్ తప్ప దొరకని చోట 40 మి.లీ. కలపండి. రెండు వారాలకు సరిపడా మాత్రమే కలుపుకోండి.

కార్బురేటర్ ఎల్ (తక్కువ వేగం), హెచ్ (ఎక్కువ వేగం) స్క్రూలను మెల్లగా అడుగుదాకా తిప్పి, ఒక్కో చుట్టు బయటికి తీసి మొదలుపెట్టండి. గట్టిగా బిగిస్తే సూది కొస పాడవుతుంది. ఇంజన్ వేడెక్కాక, ఎల్‌ను వేగం ఎక్కువైన చోటికి తెచ్చి కొంచెం బయటికి తీయండి. ఐడిల్ స్క్రూతో చైన్ కదలని వేగానికి తగ్గించండి. హెచ్ విషయంలో చెవే గేజ్. ఖాళీగా పూర్తి యాక్సిలేటర్ ఇచ్చినప్పుడు కొంచెం గరగరమంటూ మోగాలి, కట్టెలో దించగానే ఆ గరగర పోయి గొంతు సాఫీ కావాలి. ఖాళీగానే కీచుమని పైకి పోతుంటే పెట్రోల్ తక్కువైందని అర్థం, వెంటనే హెచ్ బయటికి తిప్పండి. కొన్ని పాత కార్బురేటర్లలో గవర్నర్ (వేగానికి హద్దు పెట్టే ఏర్పాటు) ఉంటుంది, అవి ఎలా తిప్పినా ఖాళీగా గరగరమంటూనే ఉంటాయి. అలాంటివాటిని కట్టె కోసాక ప్లగ్గు రంగు చూసి సరిచేయాలి. లేత గోధుమ రంగు వస్తే సరిగ్గా ఉన్నట్టు.

చెట్టు దగ్గరికి వెళ్లేముందు

పాత మిషన్లలో చాలావాటికి చైన్ బ్రేకు లేదు, చైన్ తెగితే పట్టే కొక్కెం లేదు, వణుకును ఆపే రబ్బర్లు లేవు. బార్ కొస పైభాగం దేనికైనా తగిలితే మిషన్ ముఖం మీదికి లేస్తుంది. కొసతో కోయకండి. హెల్మెట్, కళ్లద్దాలు, చెవులకు మఫ్స్, బూట్లు, కాళ్లకు చైన్ సా రక్షణ ప్యాంటు లేకుండా దీన్ని పట్టుకోవద్దు. ఒకేసారి గంటల తరబడి కోస్తే ఆ వణుకుకు వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కే జబ్బు వస్తుంది. రోజంతా కోత పని ఉన్నవాళ్లు కొత్త మిషన్ వాడి, దీన్ని ఇంటి పనులకు ఉంచుకోవాలి.

గాలికి పడ్డ చెట్టు నిలబడ్డ చెట్టు కంటే ప్రమాదం. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలినట్టు ఒకదానిమీద ఒకటి పడ్డప్పుడు ప్రతి మానూ టెన్షన్‌లో ఉంటుంది. ఎటు ఒంగిందో చూడకుండా కోస్తే ఎగిరి తంతుంది. అలాంటి పని అనుభవం ఉన్నవాళ్లకే వదిలేయండి. సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) కింద అనుమతి అడగాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది, ఫారెస్టు ఆఫీసులో ముందే కనుక్కోండి.

పని అయ్యాక నెల రోజులకు మించి వాడరనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, అదే ఆగిపోయేదాకా నడపండి. చల్లారాక ప్లగ్గు తీసి సిలిండర్‌లో కొంచెం టూటీ ఆయిల్ వేసి, తాడును రెండుసార్లు మెల్లగా లాగి ప్లగ్గు బిగించండి. తర్వాత తాడు బిగుసుకునే దాకా లాగి, పిస్టన్‌ను పై కొస దగ్గర ఆపండి. అలా ఆపితే ఎగ్జాస్ట్ పోర్టు మూసుకుని ఉంటుంది, వానాకాలం తేమ సిలిండర్‌లోకి తక్కువగా వెళుతుంది. చైన్ తీసి ఆయిల్ డబ్బాలో వేసి, మిషన్‌ను నేల మీద కాకుండా చెక్క మీద పెట్టండి.